జీతాలు ఏ తారీఖున పడుతున్నాయి?

మే నెల రెండో వారం, పదకొండింటి ఎండ. మా వీధిలో ఇద్దరు టీచర్లు గడప గడపకూ తిరుగుతున్నారు. చేతిలో బడి కరపత్రాలు, ఒక నోటుపుస్తకం. అందులో ఇంటి నంబరు, పిల్లల పేర్లు, ఇప్పుడు చదువుతున్న బడి, తండ్రి ఫోన్ నంబరు రాసుకుంటున్నారు. వాళ్లలో ఒకరు మా అమ్మాయికి లెక్కలు చెప్పే టీచర్. లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చి, "సెలవుల్లో కూడా తిప్పుతున్నారా టీచర్‌గారూ?" అని అడిగాను. "ఏం చేస్తామండీ, మనిషికి ఆరు అడ్మిషన్లు తేవాలి. అవి వచ్చాకే ఏప్రిల్ జీతం అన్నారు" అన్నారావిడ.

పిల్లల బడి ఏ స్థితిలో ఉందో నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది. సంకేతాలు అంతకు ఏడాది ముందునుంచే కనిపిస్తున్నాయి. రెండు సెక్షన్ల ఎల్‌కేజీ ఒకటైంది. కంప్యూటర్ గదికి తాళం పడింది. హిందీ టీచర్ వెళ్లిపోయాక ఆ పీరియడ్లో పిల్లలు హోంవర్క్ చేసుకుంటున్నారు. వీటన్నిటినీ నేను వేటికవే చిన్న విషయాలనుకున్నాను. అప్పటికి మా అమ్మాయి తొమ్మిది పూర్తిచేసి పదిలోకి వస్తోంది. అబ్బాయి రెండు ముగించి మూడులోకి. ఇద్దరిదీ ఒకే బడి. ఉంచాలా, మార్చాలా అని ఇంట్లో పది రోజులు వాదించుకున్నాం. చివరికి నేను ఒక కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఆ కాగితం మీద వేసిన లెక్కలే ఈ కథనం. మీ పిల్లల బడి గురించి ఇలాంటి మాట చెవిన పడితే మీరూ వేసుకోవచ్చు.

ముందు ఈ బడులు ఎంత చిన్నవో చూడాలి. ప్రైవేటు బడి అనగానే టీవీ ప్రకటనల్లో కనిపించే ఏసీ తరగతి గదులు గుర్తుకొస్తాయి. సెంట్రల్ స్క్వేర్ ఫౌండేషన్ 2020లో విడుదల చేసిన నివేదిక ప్రకారం దేశంలో ప్రైవేటు బడి పిల్లల్లో దాదాపు 70 శాతం మంది కట్టేది నెలకు 1,000 రూపాయల లోపే. 45 శాతం మంది 500 లోపే కడుతున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో ఫీజులకు పరిమితి పెట్టినప్పుడు గ్రామ పంచాయతీల్లో అయిదో తరగతి వరకు ఏడాదికి 10,000, నగరపాలక సంస్థల్లో హైస్కూలుకు 18,000 అని నిర్ణయించింది. ఆ ఉత్తర్వును అదే ఏడాది డిసెంబర్లో హైకోర్టు కొట్టేసింది. ఉత్తర్వు పోయినా, మన బడుల్లో ఎక్కువ భాగం ఏ స్థాయి డబ్బుతో నడుస్తాయో ఆ అంకెలు చెబుతాయి. ఇంత తక్కువ ఫీజుతో నడిచే బడికి వెనక పెద్ద నిల్వ ఉండదు. ఈ నెల వచ్చింది ఈ నెలకే.

ఒక బడి లెక్క వేద్దాం. ఇది నేను ఊహించుకున్న బడి. అంకెలు మాత్రం మా ఊరివంటి పట్టణాల్లో వినిపించేవే. నర్సరీ నుంచి పది వరకు 13 తరగతులు, ఒక్కో సెక్షన్, సెక్షన్‌కు 25 మంది. మొత్తం స్ట్రెంత్ 325. సగటు ఫీజు ఏడాదికి 20,000. కాగితం మీద ఆదాయం 65 లక్షలు. కానీ మొత్తం ఎప్పుడూ వసూలు కాదు. అన్నదమ్ములకు రాయితీ, పని పోయిన తండ్రి, మార్చి దాకా సాగదీసి ఆ తర్వాత కనిపించకుండా పోయేవాళ్లు, ఇవన్నీ పోగా 85 శాతం వచ్చిందనుకుందాం. చేతికొచ్చేది 55 లక్షల 25 వేలు.

ఖర్చు చూడండి. 16 మంది టీచర్లకు సగటున నెలకు 12,000. ఆయాలు, క్లర్కు, వాచ్‌మన్ కలిపి ఆరుగురికి 8,000 చొప్పున. జీతాలే నెలకు 2 లక్షల 40 వేలు, ఏడాదికి 28 లక్షల 80 వేలు. పీఎఫ్, ఈఎస్‌ఐలలో యాజమాన్యం వాటా సుమారు 4 లక్షల 70 వేలు. భవనం అద్దె నెలకు 80,000 చొప్పున 9 లక్షల 60 వేలు. కరెంటు, పరీక్ష పేపర్లు, మరమ్మతులు, పన్నులు 5 లక్షలు. పాత అప్పు మీద కిస్తీ నెలకు 40,000 చొప్పున 4 లక్షల 80 వేలు. మొత్తం 52 లక్షల 90 వేలు. వ్యాన్ల ఖర్చు వ్యాన్ ఫీజులోనే సరిపోతుందని పక్కన పెట్టాను. ఏడాది చివర మిగిలేది 2 లక్షల 35 వేలు, వసూలులో 4 శాతం పైచిలుకు.

మిగులు అంతే ఉండటం వింతేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1 ప్రైవేటు బడి ఆదాయాన్ని పంచిన తీరు ఇది: సగం సిబ్బంది జీతాలకు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి, 15 శాతం సిబ్బంది పీఎఫ్, గ్రాట్యుటీ, బీమాలకు, యాజమాన్యానికి లాభంగా 5 శాతం. ఆ కొలత పాటించే బడి ఎంత బాగా నడిచినా దాని చేతిలో మిగులు అంత పల్చగానే ఉంటుంది. ఫీజులు మితిమీరి గుంజే పెద్ద బడుల మాట వేరు, వాటి గురించి ఇక్కడ రాయడం లేదు.

ఇప్పుడు పిల్లలు మానేస్తే ఏమవుతుందో చూద్దాం. ఒక్కో పిల్లవాడి మీద బడికి నిజంగా చేతికొచ్చేది 17,000. తరగతికి ఒక్కరు చొప్పున 13 మంది వెళ్లిపోతే 2 లక్షల 21 వేలు పోతాయి, మిగులు 14 వేలకు దిగుతుంది. పద్నాలుగో పిల్లవాడు టీసీ అడిగిన రోజున బడి నష్టంలోకి జారుతుంది. 325 మందిలో 14 మంది అంటే నూటికి నలుగురు. పిల్లలు తగ్గినంత మాత్రాన ఖర్చు ఎందుకు తగ్గదని అడగొచ్చు. తరగతిలో 25 మంది ఉన్నా 20 మంది ఉన్నా టీచర్ ఒక్కరే. భవనం అద్దె అదే. వ్యాను ఒక సీటు ఖాళీతో తిరిగినా డీజిల్ అంతే తాగుతుంది. బడి ఖర్చు సెక్షన్‌ను బట్టి పుడుతుంది, ఆదాయం మాత్రం పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. చిన్న బడుల కష్టానికి మూలం ఈ ఒక్క తేడాలోనే ఉంది.

తల్లిదండ్రులు సాధారణంగా చూడని ఇంకో అంకె వసూలు శాతం. ఒక్క పిల్లవాడూ మానకుండా, వసూలు 85 నుంచి 75 శాతానికి పడిందనుకోండి. ఆరున్నర లక్షలు తగ్గుతాయి. అది 38 మంది పిల్లలు వెళ్లిపోవడంతో సమానం. తరగతి గదులు నిండుగా కనిపిస్తాయి, వార్షికోత్సవం ఘనంగా జరుగుతుంది, ఆఫీసు గదిలో మాత్రం 4 లక్షల 15 వేల లోటు. అందుకే నిండుగా ఉన్న బడి బాగుందనీ, పల్చబడ్డ బడి మునిగిందనీ కంటితో తేల్చడం కుదరదు.

వసూలు ఎందుకు పడుతుంది? మన రాష్ట్రంలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో, ఒక కారణం తల్లుల ఖాతాల్లో పడే డబ్బుతో ముడిపడింది. అమ్మ ఒడి 2020, 2021లలో జనవరిలో వచ్చింది. 2022, 2023లలో జూన్‌లో వచ్చింది. 2024లో రాలేదు. తల్లికి వందనం పేరుతో 2025 జూన్‌లో పిల్లవాడికి 15,000 లెక్కన, అందులో 2,000 బడుల నిర్వహణకు పట్టుకుని, 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఆ డబ్బు పడ్డాక ఫీజు కడదామనుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. కానీ బడి జీతాలు నెలనెలా ఇవ్వాలి. విద్యాహక్కు చట్టం కింద 25 శాతం సీట్లలో చేరిన పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే మొత్తాన్ని ఆంధ్రప్రదేశ్‌లో పట్టణాలకు 8,000, గ్రామాలకు 6,500, గిరిజన ప్రాంతాలకు 5,100గా పెట్టారు. మన ఊహా బడి సగటు ఫీజులో ఇది సగం కూడా కాదు. తెలంగాణలో ప్రభుత్వం ఫీజు కట్టే బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం బకాయిల కోసం బడులు రోడ్డెక్కిన సంగతి పేపర్లు చదివేవాళ్లకు తెలుసు.

వసూలు కాక, బడి ఆదాయానికి ఇంకో దెబ్బ ఉంది. అది నెమ్మదిగా పనిచేసేది, మందులేనిది. పిల్లలే తగ్గుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. పదో తరగతి నుంచి బయటికి వెళ్లే బ్యాచ్ పెద్దది, నర్సరీలో చేరే బ్యాచ్ చిన్నది. ఊళ్లో బడుల సంఖ్య మాత్రం అలాగే ఉంది. మే ఎండల్లో టీచర్లను గడప గడపకూ తిప్పడం వెనక ఉన్నది ఇదే.

కరోనా దెబ్బ అందరికీ గుర్తే. గ్రామీణ భారతంలో ప్రైవేటు బడుల్లో చదివే 6-14 ఏళ్ల పిల్లలు 2018లో 32.5 శాతం, 2021 నాటికి 24.4 శాతం అని అసర్ నివేదిక చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2021లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. ఆ రెండేళ్లు అప్పు చేసి నిలబడ్డ బడులు కొన్ని ఇప్పటికీ ఆ కిస్తీలే కడుతున్నాయి. మన ఊహా బడి లెక్కలో 4 లక్షల 80 వేల కిస్తీ పెట్టింది అందుకే. ఆ అప్పే లేకుంటే ఏటా మిగులు 7 లక్షలు దాటేది.

సరే, లోటు వచ్చింది. బడి ఏం చేస్తుంది? అద్దె తగ్గించలేదు. బ్యాంకు కిస్తీ ఆపలేదు. కరెంటు బిల్లు ఆపితే ఫ్యాను ఆగుతుంది. కదపడానికి మిగిలింది జీతాలే. మొదట ఆలస్యం చేస్తుంది. తర్వాత వెళ్లిపోయిన టీచర్ స్థానంలో ఎవరినీ తీసుకోదు. 12,000 జీతం ఉన్న ఒక టీచర్ స్థానం ఏడాది ఖాళీగా ఉంటే పీఎఫ్ వగైరాతో కలిపి 1 లక్షా 67 వేలు మిగులుతాయి. మూడు స్థానాలు ఖాళీగా ఉంచితే 5 లక్షలు. అంటే 40 మంది పిల్లలు మానేసినప్పుడు వచ్చే 4 లక్షల 45 వేల లోటు ముగ్గురు టీచర్లతో పూడిపోతుంది. కరస్పాండెంట్ ఖాతా పుస్తకం సరిపోతుంది. పిల్లవాడి నోటుపుస్తకంలో ఆ లోటు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక అంకె మనల్ని గట్టిగా మోసం చేస్తుంది. 285 మంది పిల్లలు, 13 మంది టీచర్లు: టీచర్‌కు 22 మంది. విద్యాహక్కు చట్టం ప్రైమరీలో 30 మంది వరకు, అప్పర్ ప్రైమరీలో 35 మంది వరకు సరేనంటుంది. ఆ కొలత ప్రకారం ఈ బడి భేషుగ్గా ఉన్నట్టే. కానీ 13 తరగతులకు 13 మందే ఉంటే ఒక్కరికి కూడా ఖాళీ పీరియడ్ దొరకదు. ఒకరు సెలవు పెడితే రెండు తరగతులు ఒకే గదిలోకి వస్తాయి. హైస్కూలుకు తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం, ఏడు సబ్జెక్టులు. లెక్కల టీచరే భౌతికశాస్త్రం, తెలుగు టీచరే సాంఘికం చెప్పాల్సి వస్తుంది. కాబట్టి టీచర్‌కు ఎంతమంది పిల్లలని అడగడం దండగ. ఎన్ని సెక్షన్లకు ఎందరు టీచర్లు, హైస్కూల్లో ఏ సబ్జెక్టుకు సొంత టీచర్ లేరు, ఇవి అడగండి. మీ పిల్లల్ని అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు. గత జూన్ నాటి టైంటేబుల్, ఇప్పటి టైంటేబుల్ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. నేను అలా చూడక ఏడాది పోగొట్టుకున్నాను. ఆగస్టులో వెళ్లిపోయిన హిందీ టీచర్ సంగతి మాకు జనవరిలో ప్రోగ్రెస్ కార్డు చూశాక గానీ తెలియలేదు.

బడి పరిస్థితి బయటినుంచే కనుక్కునే దారులు ఇంకా ఉన్నాయి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది పీఎఫ్. ఇరవై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ పీఎఫ్ కట్టాలి. ఒక నెల పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోపు జమకావాలి. ఈపీఎఫ్‌వో పోర్టల్లో సంస్థ పేరుతో వెతికితే ఏ నెలకు ఎంత కట్టారు, ఏ తేదీన కట్టారు, ఎందరు సిబ్బందికి కట్టారు అన్నవి ఎవరికైనా కనిపిస్తాయి. పాస్‌వర్డ్ అక్కర్లేదు. బడి పేరు బోర్డు మీద ఒకటి, సొసైటీ పేరు వేరొకటి ఉండొచ్చు. ఫీజు రసీదు మీద సొసైటీ పేరు ఉంటుంది, దానితో వెతకండి. చాలా బడులు సిబ్బంది మొత్తానికి కట్టవు, కొందరికే కడతాయి. అందుకని అంకె ఎంత అన్నదాని కంటే అది ఎటు కదులుతోందన్నది చూడాలి. నిరుడు నెలనెలా 18 మందికి 12వ తారీఖున కట్టిన బడి, ఈ ఏడాది 13 మందికి, అదీ మూడు నెలలది కలిపి ఒకేసారి కడుతోందంటే ఇంకెవరినీ అడగనక్కర్లేదు. మా పిల్లల బడిది ఇంకా అధ్వానంగా ఉంది. డిసెంబర్ నుంచి ఖాళీ.

స్కూలు బస్సు కూడా చెబుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేలోపు మళ్లీ చేయించుకోవాలి. టైర్లు, బ్రేకులు, ఇన్సూరెన్స్ అన్నిటికీ ఒకేసారి డబ్బు కావాలి, అదీ బడి చేతిలో అన్నిటికంటే తక్కువ డబ్బుండే నెలలో. బస్సు నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే ఫిట్‌నెస్ ఎప్పటివరకు ఉందో, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉందో తెలుస్తుంది. మిగతా సంకేతాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. జీతం ఆలస్యమైతే ఓర్చుకోవచ్చు, ఫిట్‌నెస్ లేని బస్సులో పిల్లవాణ్ని ఒక్క రోజు కూడా ఎక్కించకూడదు.

ఇక మన జేబు. కష్టంలో ఉన్న బడి మే, జూన్ నెలల్లో ఒక ఆఫర్ పెడుతుంది. మొత్తం ఫీజు ఒకేసారి కడితే పాతిక శాతం తగ్గింపు. 20,000 బదులు 15,000. వినడానికి మంచి బేరమే. లెక్క వేయండి. మామూలుగా అయితే జూన్‌లో 5,000 కట్టి, మిగతా 15,000 మూడు, ఆరు, తొమ్మిది నెలల తర్వాత కట్టేవాళ్లు, అంటే సగటున ఆరు నెలలకు. ఇప్పుడు ఆ 15,000 బదులు ఈ రోజే 10,000 అదనంగా ఇస్తున్నారు. పదివేల మీద ఆరు నెలలకు అయిదు వేలు వడ్డీ. నూటికి ఎనిమిది రూపాయలు దాటిన వడ్డీ అన్నమాట. బజార్లో నూటికి రెండు, మూడు రూపాయలకే అప్పు పుడుతుంది. అంతకు మూడింతల వడ్డీకి మీ దగ్గర తీసుకుంటున్న బడికి బయట అప్పు పుట్టడం లేదని అర్థం. అంత ఆత్రంగా అడిగే తగ్గింపే అన్నిటికంటే గట్టి ప్రమాద సూచిక.

పైగా ఒకేసారి కట్టిన డబ్బు తిరిగి రావడం చాలా కష్టం. విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కింద సేవ అందించేవి కావని సుప్రీంకోర్టు 2010లో మహర్షి దయానంద్ యూనివర్సిటీ కేసులో చెప్పింది. కాబట్టి వినియోగదారుల కమిషన్ దగ్గర తేలిగ్గా తేలుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. టర్ముల వారీగానే కట్టండి. సొసైటీ పేరున్న రసీదు తీసుకోండి. కరస్పాండెంట్ సొంత ఫోన్‌పే నంబరుకు పంపమంటే ఒప్పుకోవద్దు.

ఇంతవరకు లెక్కలు బడివి. ఉండాలా మార్చాలా అన్నది తేల్చేది మాత్రం పిల్లవాడు చదివే తరగతి. ఈ మాట మా ఇంట్లో పది రోజుల వాదన తర్వాత గానీ మాకు తట్టలేదు. బడి ఒకటే, జవాబు ఇద్దరు పిల్లలకూ ఒకటే కావాలని పట్టుబట్టాం.

అబ్బాయికి ఆ బడిలో ఇంకా ఎనిమిదేళ్లున్నాయి. ఎనిమిదేళ్లు ఈ బడి నిలబడుతుందా అన్న ప్రశ్నకు నా కాగితం మీది అంకెలు అవుననడం లేదు. మూడో తరగతిలో మారితే పోయేది తక్కువ: కొత్త బడి అడ్మిషన్ 3,000, యూనిఫాం, బూట్లు 4,500, ఫీజు తేడా 6,000, మొత్తం 13,500. పుస్తకాలు జూన్‌లో ఎక్కడైనా కొనాల్సినవే. అదే మార్పు నవంబర్లో అయితే పుస్తకాలు రెండోసారి, కట్టేసిన టర్ము ఫీజు వదులుకోవడం, మధ్యలో వెళ్లి కూర్చున్న పిల్లవాడి బెంగ, ఇవన్నీ కలుస్తాయి. మార్చేదైతే జూన్‌లోనే మార్చాలి.

అమ్మాయిది పూర్తిగా వేరే లెక్క. ఆమెకు ఆ బడితో మిగిలింది పది నెలలే. పదో తరగతిలోకి వచ్చే పిల్లల్ని చేర్చుకోవడానికి చాలా బడులు వెనకాడతాయి, తమ రిజల్ట్ మీద ప్రభావం పడుతుందని. తొమ్మిదిలో చెప్పిన టీచర్లకే ఆమె ఎక్కడ తడబడుతుందో తెలుసు. తెలంగాణలో అయితే పదో తరగతికి ఇంటర్నల్ మార్కులు 20 కూడా ఉన్నాయి, మధ్యలో మారితే వాటి చిక్కు వేరు. కాబట్టి ఆమె విషయంలో అడగాల్సిన ప్రశ్న బడి ఎనిమిదేళ్లు ఉంటుందా అని కాదు, వచ్చే మార్చి దాకా ఏడు సబ్జెక్టులకు టీచర్లు ఉంటారా అని. ఇంకొకటి, బడికి పదో తరగతి దాకా గుర్తింపు ఉందా, ఆమె నామినల్ రోల్ ఏ బడి కోడ్ కింద వెళుతుంది అని. గుర్తింపు లేని బడులు తమ పదో తరగతి పిల్లల్ని వేరే బడి పేరు మీద పరీక్షకు పంపుతుంటాయి. ఆ సంగతి హాల్‌టికెట్ వచ్చాక తెలిస్తే చేయగలిగింది ఏమీ లేదు. నవంబర్ ప్రాంతంలో పరీక్ష ఫీజు కట్టేటప్పుడే చూసుకోవాలి.

ఈ రెంటికీ మధ్య తరగతుల్లో ఉన్న పిల్లలకు సహజమైన మలుపులు ఉన్నాయి, వాటిని వాడుకోవాలి. తెలంగాణలో గురుకులాల ప్రవేశ పరీక్ష అయిదో తరగతికి, మోడల్ స్కూళ్లు ఆరుకు, నవోదయ ఆరుకు, కస్తూర్బా విద్యాలయాలు ఆరుకు. వీటి దరఖాస్తుల్లో చాలావరకు విద్యా సంవత్సరం ముగియకముందే అయిపోతాయి. బడి మీద అనుమానం ఉన్న తల్లిదండ్రులు మేలో ఆలోచన మొదలుపెడితే ఆ తలుపులు అప్పటికే మూసుకుని ఉంటాయి. సంక్రాంతిలోపు, నవోదయకైతే ఇంకా ముందే తేల్చుకోవాలి. ప్రభుత్వ బడి మాట ఎత్తితే మొహం చిట్లించే బంధువులుంటారు. వాళ్ల మాట వినకండి. సబ్జెక్టుకో టీచర్ ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు, లెక్కల టీచర్ చేత భౌతికశాస్త్రం చెప్పించే ప్రైవేటు బడి కంటే మేలు.

వెళ్లిపోవాలనుకుంటే కాగితాల సంగతి ముందే చూసుకోవాలి. టీసీ, ప్రోగ్రెస్ రిపోర్టు, యూడైస్ పోర్టల్లో పిల్లవాడి శాశ్వత విద్యా నంబరు (పెన్). పాత బడి ఆ నంబరును ఆ పోర్టల్లోని డ్రాప్‌బాక్స్‌లోకి విడుదల చేస్తేనే కొత్త బడి తీసుకోగలదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే పిల్లలకు హెడ్‌మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడి ప్రవేశం ఆపకూడదు. టీసీ అనేది ఫీజు బకాయి వసూలు చేసుకునే సాధనం కాదని మద్రాసు హైకోర్టు 2024 జూలైలో చెప్పింది. ఇదంతా నిజమే. అయినా బకాయి కట్టే వెళ్లండి. మీరు ఎగ్గొట్టిన ఏడు వేలు కరస్పాండెంట్ జేబులోంచి పోవు. ఎండలో నోటుపుస్తకం పట్టుకుని మీ గడపకొచ్చిన ఆ టీచర్ ఏప్రిల్ జీతంలోంచి పోతాయి.

స్టడీ సర్టిఫికెట్లు మాత్రం వెళ్లేవాళ్లే కాదు, ఉండేవాళ్లు కూడా ఇప్పుడే తీసుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లో ఉద్యోగాలకు స్థానికత తేలేది ఎక్కడ చదివారన్నదాన్ని బట్టే. తెలంగాణలో 2018 ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు తరగతుల్లో నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు నుంచి పది వరకు చూసే పద్ధతి ఉంది. పదిహేనేళ్ల తర్వాత ఉద్యోగం ముంగిట నిలబడి, ఎప్పుడో మూతపడ్డ బడి రికార్డు కోసం మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరుగుతున్న పిల్లల్ని నేను చూశాను. ఒక స్టాంపు, ఒక సంతకం, ఇవాళ అయితే పావుగంట పని.

ఉండిపోదామనుకునే వాళ్లకు కూడా ఒక లెక్క ఉంది, ఇది నాకు కొంచెం ధైర్యమిచ్చింది. వసూలు 75 నుంచి 85 శాతానికి పెరిగితే వచ్చే ఆరున్నర లక్షలు, ఆ బడి సిబ్బందికి రెండున్నర నెలలకు పైగా జీతాలు. కొత్త అడ్మిషన్ ఒక్కటీ అక్కర్లేదు. బ్యాంకు మునుగుతోందన్న పుకారు పుడితే అందరూ ఒకేసారి వెళ్లి నిజంగానే ముంచేసినట్టు, 14 మంది టీసీలు చిన్న బడిని తలకిందులు చేయగలవు. పాతికమంది తల్లిదండ్రులు టర్ము ఫీజు రోజు దాటకుండా కడితే దాన్ని నిలబెట్టనూ గలరు. కాకపోతే ఊరికే నమ్మి కట్టకూడదు. మేం పదకొండు మందిమి జూన్ మొదటి శనివారం కరస్పాండెంట్ గారి గదికి వెళ్లాం. గొడవకు కాదని ముందే చెప్పాం. నిరుడు జూన్‌లో స్ట్రెంత్ ఎంత, ఇప్పుడెంత, భవనం లీజు ఎప్పటివరకు ఉంది, టీచర్లకు ఎన్ని నెలల జీతం బాకీ అని అడిగాం.

మొదట ఆయన ముఖం ఎర్రబడింది. "సార్, ఇరవయ్యేళ్ల నుంచి చూస్తున్నారు, మీరే ఇలా అడిగితే ఎలా?" అన్నారు. తర్వాత కాసేపు మౌనంగా కూర్చుని డ్రాయర్లోంచి రిజిస్టర్ తీశారు. నిరుడు 340, ఇప్పుడు 288. లీజు ఇంకా పధ్నాలుగు నెలలు. జీతాలు రెండు నెలలు బాకీ. బస్సులు రెండిట్లో ఒకదానికే ఫిట్‌నెస్ చేయించానన్నారు, రెండోది తీసేస్తున్నానన్నారు. హిందీతో సహా హైస్కూలుకు ఏడుగురు టీచర్లను మార్చి దాకా ఉంచుతానని మాటిచ్చారు. ప్రైమరీ గురించి మాటివ్వలేనని ఆయనే చెప్పారు. అది విన్నాక ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

అబ్బాయికి టీసీ తీసుకున్నాం. వాడి బకాయి 3,500 కట్టేశాను. వాడు ఇప్పుడు మా వీధి చివర మండల పరిషత్ బడికి నడిచి వెళుతున్నాడు. ఊరవతల ప్రైవేటు బడి కోసం కాగితం మీద వేసుకున్న 13,500 మిగిలాయి. అమ్మాయి అక్కడే ఉంది. మొదటి టర్ము అయిదు వేలే కట్టాను, పాతిక శాతం తగ్గింపు వద్దన్నాను. ఆ తర్వాత ప్రతి నెలా పదో తారీఖు దాటాక లెక్కల టీచర్‌గారిని అడుగుతూ వచ్చాను. జూలైలో ఇరవై ఆరో తారీఖున పడిందన్నారు. ఆగస్టులో పంతొమ్మిదిన. సెప్టెంబర్ రెండోవారం గుడి దగ్గర ఆవిడే కనిపించి, "ఈసారి ఎనిమిదో తారీఖుకే వేశారండీ, పాత బాకీలో ఒక నెల కూడా" అన్నారు. ఆ సాయంత్రం వెళ్లి రెండో టర్ము కట్టి, సొసైటీ పేరున్న రసీదు తెచ్చుకున్నాను.